చెమట చుక్క రాలకుండా దల్మా ఎక్కే విధానం

దల్మా కొండను రోజూ మేడ మీంచి చూస్తూ, ఎప్పటికైనా సైకిలు మీద దాని పైకి వెళ్ళాలని నిట్టూర్చే జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ కోసం ఈ చిట్కాలు. ఇవి చదివాక మీరు నిట్టూర్చరు. వెళ్ళనూ వెళ్ళరు. కానీ వెళ్ళొచ్చినవాడికన్నా మీకే ఎక్కువ పేరు వస్తుంది.

సైకిలు యాత్ర అంటే సైకిలు తొక్కడమని ఊళ్ళో ఒక మూఢనమ్మకం ఉంది. ముందు దాన్ని వదిలించుకోండి. తొక్కేవాళ్ళకేం కొదవ? ఎ షిఫ్టుకు పోయేవాడు తొక్కుతాడు, పాలవాడు తొక్కుతాడు, చుట్టుపక్కల పల్లెల నుంచి విస్తరాకులు తెచ్చి అమ్ముకునేవాడు తొక్కుతాడు. వాళ్ళలో ఒక్కడి మెడలోనైనా ఎవరైనా దండ వేశారా? మనలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కంపెనీ పనికి వచ్చినవాళ్ళు. గిరీశం కూడా ఆ వైపువాడే. ఆయన చేసిన పనులకన్నా చెప్పిన మాటలే నూరేళ్ళు దాటి బతికాయి. గురువుగారిని మనసులో తలుచుకుని మొదలుపెట్టండి.

1. యాత్రను మే నెలలో ప్రకటించండి

ఎండ నలభై దాటి ఉంటుంది కాబట్టి "పద, రేపే పోదాం" అనే దుర్మార్గుడు ఎవడూ ఉండడు. అందరూ మెచ్చుకుంటారు, మీరు చల్లగా ఇంట్లో ఉంటారు. జూన్ నడిమికి వానలు దిగుతాయి. కొండదారి జారుడుగా ఉందనండి. సెప్టెంబరు దాకా అదే మాట సరిపోతుంది. అది పాతబడేసరికి దసరా పందిళ్ళు లేస్తాయి, దీపావళి వస్తుంది, ఛఠ్ పూజకు నది ఒడ్డు కిటకిటలాడుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జాగ్రత్త. ఆ నాలుగు నెలలూ ఇక్కడి వాతావరణం సైకిలుకు అద్భుతంగా ఉంటుంది. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం కూడా చెమట పట్టని ఎండ, పొడి రోడ్డు. సోమరికి ఇంతకన్నా ప్రమాదకరమైన రోజులు లేవు. డిసెంబరంతా డిమ్నా చెరువు దగ్గర పిక్నిక్కులతో గడపండి. జనవరిలో సంక్రాంతి. మనకది పెద్ద పండుగ, చుట్టూ ఉన్న పల్లెలకు టుసు పండుగ, రోడ్లన్నీ టుసు మేళాలకు వెళ్ళే జనమే, సైకిలుకు చోటెక్కడ? ఫిబ్రవరిలో పిల్లల పరీక్షలు. మీకు పిల్లలు లేకపోతే పక్కింటివాళ్ళ పిల్లల పరీక్షలు. తర్వాత హోలీ, సర్హుల్. ఆ వెనకే శ్రీరామనవమి. బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో కల్యాణం జరుగుతుంటే మీరు దల్మా మీద ఉంటే పానకం ఎవరు పంచుతారు? పంచేసరికి మళ్ళీ మే వస్తుంది. కొత్తగా ప్రకటించండి.

2. తప్పించుకోలేని పరిస్థితి వస్తే ఖరీదైన సైకిలు కొనండి

ఖరీదైన సైకిలు కొన్నవాణ్ణి ఎవరూ తొక్కమని అడగరు, ఎంతకు కొన్నావనే అడుగుతారు. ఇరవై ఒక్క గేర్లున్నది తీసుకోండి. అన్నీ వాడాల్సిన పని లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం వేసుకుంటే కాళ్ళకు తేలిక అని షాపువాడు చెబుతాడు. వినకండి. ముందూ పెద్దదే, వెనక అతి చిన్నదే వేసి, నిలబడి బలంగా ఒక్క తొక్కు తొక్కండి. అదృష్టం ఉంటే చైను అక్కడే తెగుతుంది. లేకపోయినా నూరు గజాల్లో మీరే ఆగిపోతారు. రెండూ లాభమే.

సీటు మాత్రం కిందికి దించండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా ఉండాలని సైకిలు తెలిసినవాళ్ళ లెక్క. అలా ఉంటే మోకాలు నొప్పి పుట్టదు, మోకాలు నొప్పి లేకపోతే మీ దగ్గర ఆస్తేం ఉన్నట్టు? సీటు దించండి, మోకాళ్ళు మిడత కాళ్ళలా పైకి లేవాలి. మానగో దాటేలోపే నొప్పి ఖాయం. జ్వరాన్ని థర్మామీటరు పట్టేస్తుంది, రక్తపోటును మిషను పట్టేస్తుంది. మోకాలు నొప్పిని కొలిచే యంత్రం ఇంకా పుట్టలేదు. మీరు ఎంతంటే అంత.

టైర్లలో సగం గాలే ఉంచండి. రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒక్క చిల్లుకన్నా రెండు చిల్లులు చూసినవాళ్ళకు జాలి ఎక్కువ.

3. పంక్చరు వేయడం నేర్చుకోకండి

నేర్చుకుంటే వేయాల్సొస్తుంది. మీకే కాదు, వెంట వచ్చినవాళ్ళకు కూడా. పంపు, ప్యాచీలు, సొల్యూషను ట్యూబు మోసుకెళ్ళే బాధ్యత ఆ బృందంలో అందరికన్నా మెత్తని మనిషికి అప్పగించండి. పదిమందిలో అలాంటివాడు ఒకడు ఉండనే ఉంటాడు, సాధారణంగా బ్యాంకులో పనిచేస్తుంటాడు.

4. ఆదర్శాలను సరిగ్గా ఎంచుకోండి

1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు ఎడారులూ మంచుకొండలూ దాటి, సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928లో ఇంటికి చేరారు. పుస్తకాలు వీళ్ళనే పొగుడుతాయి. మీరు మిగతా ముగ్గుర్ని చూడండి. ఒకాయన సొంత పనుందని టెహ్రాన్ నుంచే వెనుదిరిగాడు. ఇంకొకాయన అమెరికా నచ్చి అక్కడే స్థిరపడిపోయాడు. ఆయన ఉండిపోయాడన్న దిగులుతో మూడో ఆయన ఇంటికొచ్చేశాడు. సొంత పని, చోటు నచ్చడం, స్నేహితుడి మీద బెంగ. మానవజాతి కనిపెట్టిన సాకులన్నీ ఈ మూడింట్లోనే ఇమిడి ఉన్నాయి. మీరు టెహ్రాన్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు, డిమ్నా చౌకు చాలు.

మన ఊళ్ళోనే చెడ్డ ఆదర్శాలు కొన్ని తిరుగుతుంటాయి. 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్ అదే ఏడాది టాటా స్టీల్ సాహస సంస్థకు నాయకత్వం వహించడానికి ఇక్కడికి వచ్చేశారు. జుగ్‌సలాయి గృహిణి ప్రేమలతా అగర్వాల్ ఆ సంస్థ పెట్టిన దల్మా కొండ ఎక్కే పోటీలో ఊరికే పాల్గొన్నారు. ఏమైంది? కొండల పిచ్చి పట్టి 2011లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరెస్టు ఎక్కాల్సి వచ్చింది. దల్మాను నిజంగా ఎక్కితే వచ్చే ప్రమాదం ఇదే, అది దల్మాతో ఆగదు. అలాంటివాళ్ళు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోండి.

5. తెల్లవారుజామున నాలుగున్నరకు అందర్నీ రమ్మనండి, మీరు ఎనిమిదింటికి వెళ్ళండి

సగంమంది విసిగి ఇళ్ళకు పోయి ఉంటారు. మిగిలినవాళ్ళతో మీరు మానగో వంతెన చేరేసరికి ఆటోలు, లారీలు, స్కూలు బస్సులు సువర్ణరేఖ మీద అడ్డంగా నిలబడి ఉంటాయి. ఆ రద్దీలో అరగంట గడిస్తే ఎండెక్కుతుంది. ఎండెక్కితే టిఫిను గుర్తొస్తుంది. ఇంట్లో కట్టిచ్చిన పులిహోరను వంతెన అవతల మొదటి చెట్టు కిందే విప్పండి. ఆరుగురికి సరిపడా ఉంటుంది గానీ మీరు ముందు తినండి. బరువు తగ్గించుకోవడం సైకిలు యాత్రలో ముఖ్య సూత్రం.

6. ఆయాసం వచ్చినప్పుడల్లా చరిత్ర చెప్పండి

ఇది నా సొంత పద్ధతి, దీన్ని మించింది లేదు. రొప్పుతూ ఆగితే నవ్వుతారు. వేలు చాపి ఆగితే వింటారు. అందుకని దారిలో ప్రతి చోటికీ ఒక విషయం సిద్ధంగా ఉంచుకోండి. సాక్చి గోల్ చక్కర్ దగ్గర చిన్న ఆయాసమైతే, "ఇది ఒకప్పుడు సాక్చి అనే పల్లె, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు" అనండి. ఇంకా తీరకపోతే కాలీమాటి స్టేషను టాటానగర్ అయిన వైనం కలపండి. కంపెనీ 1907లో పుట్టడం, 1912లో ఉక్కు తీయడం రెండూ కలిపి చెబితే గుండె దడ పూర్తిగా తగ్గుతుంది. జూబ్లీ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారన్నది గేటు దగ్గర చెప్పకండి. లోపల బెంచీ మీద కూర్చుని చెప్పండి. సోనారి వైపు పోతే దోముహానీ ఉంది, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు. రెండు నదులు కాబట్టి రెండు విశ్రాంతులు. చాండిల్ ఆనకట్ట చాలా పెద్దది, భోజనం తర్వాతి కునుక్కు దాచుకోండి.

విన్నవాళ్ళు మిమ్మల్ని మేధావి అంటారు. మేధావి కొండ ఎక్కడం ఏ దేశంలోనూ ఆచారం కాదు.

7. ఊరు దాటగానే చోటా హాతీ ఎక్కండి

దల్మాలో పెద్ద ఏనుగు కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. రోడ్డు మీద చోటా హాతీ అనే బుల్లి సరుకుల బండి మాత్రం తప్పకుండా దొరుకుతుంది. కూరగాయలు దించేసి ఖాళీగా తిరిగి వెళ్ళే బండిని ఆపండి. సైకిలు వెనక పడేయండి, మీరు ముందు కూర్చోండి. బేరంలో సిగ్గుపడకండి. ఊరి నుంచి మకులాకోచా అటవీ గేటు దాకా పాతిక ముప్ఫై కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం లారీల రహదారే. "అక్కడ సైకిలు తొక్కడం క్షేమం కాదు" అని డ్రైవరు చేత చెప్పించి, వీడియో తీయించుకోండి. నిజానికి క్షేమం కాదు కూడా. ఈ చిట్కాల్లోని సాకులన్నింటిలో ఒకే ఒక్క నిజం అది, జాగ్రత్తగా వాడుకోండి.

గేటుకు కిలోమీటరు ముందే దిగండి. నీళ్ళ సీసా తల మీద గుమ్మరించుకోండి. ఆ తడిలో గేటు చేరితే టిక్కెట్టు ఇచ్చే మనిషికి కూడా గౌరవం కలుగుతుంది.

8. గేటు దాటకండి

గేటు అవతలే కష్టమంతా మొదలవుతుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న కొండ, సాలవృక్షాల మధ్య మెలికల దారి, పైన శివుడి గుడి. ఆ దారిలో ఊపిరి ఆడేంత నెమ్మదిగా వెళ్ళేవాడికి రాక్షస ఉడతలు, నెమళ్ళు, చెట్ల నీడలో మహువా పూల వాసన దొరుకుతాయట. ఫోనులో అన్నీ ఉన్నాయి, వాసన తప్ప.

మకులాకోచాలోనే అటవీశాఖవాళ్ళు సాకుతున్న రజని అనే ఆడ ఏనుగు ఉంది. ఏటా దాని పుట్టినరోజుకు కేకు కూడా కోస్తారు. దానితో ఫొటో దిగండి. సంకెల కనపడకుండా కత్తిరించి, "దల్మా శిఖరం దగ్గర మదపుటేనుగుతో ముఖాముఖి" అని పెట్టండి. మదపుటేనుగుకు దంతాలేవీ అని ఎవరైనా అడిగితే, అది మిమ్మల్ని చూసి తల దించుకుందనండి.

9. అడవి ఏనుగు విషయంలో

తొక్కి తీరాల్సిందే అని ఎవరో మొండివాడు మిమ్మల్ని లోపలికి లాక్కెళితే, ఏనుగే దిక్కు. దల్మా ఏనుగులు ఏటా మందగా బెంగాల్ పొలాల వైపు పోయి తిరిగొస్తుంటాయి. వేసవిలో నీటి గుంటల దగ్గర చేరతాయి. వాటి చూపు అంతంతమాత్రం గానీ ముక్కు మహా గట్టిది. అందుకే సాయంత్రం చీకటి పడే వేళకు బయలుదేరండి, సంచిలో పండిన పనసపండు పెట్టుకోండి. పనస వాసన అందితే ఏనుగు తనంతట తానే వస్తుంది. మీరు సైకిలు, సంచి, స్నేహితుణ్ణి వదిలి పరుగెత్తండి. మీరు తొక్కని సైకిలును అది తొక్కుతుంది. ఆ ముక్కలు మేడ మీద పెట్టుకుంటే చనిపోయేదాకా ఎవరూ మిమ్మల్ని మరో యాత్రకు పిలవరు. స్నేహితుడు బతికి ఉంటే వాడు అస్సలు పిలవడు.

10. దిగేటప్పుడు

రెండు బ్రేకులూ పై నుంచి కింది దాకా గట్టిగా పట్టుకునే ఉండండి. మధ్యమధ్య వదులుతూ, ముందుదీ వెనకదీ మార్చి మార్చి పట్టాలని భయస్తులు చెబుతారు. వదలకుండా పడితే రబ్బర్లు కాలిన కమ్మటి వాసన వస్తుంది, రిమ్ము వేడెక్కుతుంది, కింద గ్రామం చేరేసరికి ట్యూబు తుపాకీలా పేలుతుంది. పిల్లలందరూ పరుగెత్తుకొస్తారు. ఇంత స్వాగతం ఏ రాజకీయ నాయకుడికి దక్కుతుంది?

11. కొండలు చేదైతే ఘాట్శిల వైపు తిరగండి, రైల్లో

ఘాట్శిల నలభై అయిదు కిలోమీటర్ల దూరం. మధ్యలో పొలాలు, చెరువులు, సంథాలీ పల్లెల్లో రంగులద్దిన మట్టిగోడలు. ఇవన్నీ రైలు కిటికీలోంచి కనపడవు కాబట్టి మనసు చెదరదు. టాటానగర్లో లోకల్ ఎక్కితే ఆసన్‌బోని, రాఖా మైన్స్, గాలుడీ దాటి గంటలో దిగొచ్చు. సైకిలును లగేజీగా బుక్ చేయకండి, కిటికీ ఊచలకు కట్టేయండి. టీసీ పట్టుకుంటే జరిమానా రసీదు భద్రంగా దాచండి. దాని మీద స్టేషను పేరు ఉంటుంది, మీరు ఆ ఊరు వెళ్ళారనడానికి ప్రభుత్వ సాక్ష్యం.

ఘాట్శిలలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ఇల్లుంది. 1950లో ఆయన పోయింది ఆ ఊళ్ళోనే. ఈ అడవుల్లో కాళ్ళు అరిగేలా నడిచిన మనిషి. సూరంపూడి సీతారామ్ తెలుగు చేసిన ఆయన నవల 'వనవాసి' ఒక ప్రతి సంపాదించి, హ్యాండిలు మీద తెరిచి పెట్టి, వెనక బురుడీ చెరువు వచ్చేలా ఫొటో తీయండి. చదవద్దు. చదివితే అడవి నరికినందుకు బాధపడే కథానాయకుడు సత్యచరణ్ మీలోకి దూరి, నిజంగానే చెట్ల మధ్యకు వెళ్ళాలనిపిస్తుంది. అయినా అతను గుర్రం మీద తిరిగాడు, మనకు చోటా హాతీ ఉంది. లెక్క సరిపోయింది. ధారాగిరి జలపాతం చెరువు దాటి ఇంకా లోపలికి ఉంది, దాని ఫొటో ఎవరినైనా అడిగి తీసుకోండి.

12. పల్లెల్లో మసిలే తీరు

దారి అడిగేటప్పుడు జవాబు మీరే చెప్పేయండి. "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అనేది అమాయకుడి ప్రశ్న. "ఈ దారి ఘాట్శిలకేగా?" అని అడగండి. ఊరికొచ్చిన మనిషిని కాదనడం మర్యాద కాదు కాబట్టి తల ఊపుతారు. "దగ్గరేగా?" అంటే దగ్గరే అంటారు. ఇలా అడిగినవాళ్ళు సూర్యాస్తమయానికి బెంగాల్ సరిహద్దులో తేలిన సందర్భాలున్నాయి. తప్పు వాళ్ళదనండి. ఎవరైనా "జోహార్" అని పలకరిస్తే తిరిగి పలకరించకండి, పలకరిస్తే కూర్చోమంటారు, మంచినీళ్ళిస్తారు, తర్వాత సంతలో వాళ్ళ దగ్గర ఒక రూపాయి తగ్గించమని అడగడానికి నోరు రాదు.

సంతలో ఆకు దొన్నెలో హండియా పోసి అమ్ముతారు. అన్నంతో చేసిన పుల్లటి బియ్యపు కల్లు అది. దాహం తీరే దాకా తాగండి. తర్వాత రోడ్డే మీ వైపు వస్తుంది, మీరు వెళ్ళక్కర్లేదు.

ఒక చిక్కుంది. ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళ మీద స్కూలుకు పోయే ఆడపిల్లలు ఎదురవుతారు. గేర్లుండవు, వెనక క్యారియరు మీద ఒక చెల్లెలు, భుజాన పుస్తకాల సంచి, కాళ్ళకు హవాయి చెప్పులు. మీరు నాలుక బయటపెట్టి ఎక్కుతున్న ఎత్తు మీద వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ మిమ్మల్ని దాటిపోతారు. వెనక గంట వినపడగానే దిగి, కూర్చుని, చైను వైపు లోతుగా చూడండి. వాళ్ళు మలుపు తిరిగే దాకా లేవకండి. "ఏమైంది అంకుల్?" అని ఆగి సాయం చేయబోతే మాత్రం మీ పని అయిపోయినట్టే. వాళ్ళకు చైను వేయడం వచ్చు.

రాంగఢ్ నుంచి రాంచీ వెళ్ళే ఘాటీలో ఇంకో రకం సైకిలు యాత్రికులుంటారు. రెండు క్వింటాళ్ళకు పైగా బొగ్గు బస్తాల్లో నింపి సైకిలుకు వేలాడదీసి, రాత్రంతా తోసుకుంటూ పోతారు. వాళ్ళను చూసి గర్వపడండి. మీలాగే వాళ్ళు కూడా సీటు మీద కూర్చోరు. ఒక ఫొటో తీసి "జీవితమే ఒక ప్రయాణం" అని రాస్తే వందల లైకులు వస్తాయి. వెళుతూ వెళుతూ మీ సైకిలును కూడా కాస్త తొయ్యమని అడిగి చూడండి. కొంతమంది తోస్తారు కూడా. డబ్బులడిగితే చిల్లర లేదనండి.

13. ఫోనును బస్సెక్కించండి

ఎంత దూరం, ఎంత వేగం అన్నది ఈ రోజుల్లో స్ట్రావా లాంటి యాప్‌లే చెబుతాయి, మనిషి మాట ఎవరూ నమ్మరు. ఫోనును రాంచీ బస్సులో వెళ్ళే బావమరిది జేబులో పెట్టండి. నూట ముప్ఫై కిలోమీటర్లు మూడు గంటల్లో తొక్కినట్టు నమోదవుతుంది. చాండిల్ దాటాక ఎత్తు మీద అరవై వేగం చూపిస్తే ఊళ్ళోని నిజమైన సైకిలువాళ్ళు అడుగుతారు. వెనకగాలి అనండి. ధాబా దగ్గర ఇరవై నిమిషాలు ఆగినట్టు చూపిస్తే భోజనమనండి. టోల్ గేటు దగ్గర వరుసలో ఆగినట్టు చూపిస్తే మౌనం పాటించండి.

14. సన్మానం

ఫొటోలు, రసీదు, యాప్ లెక్కలు అన్నీ కలిపి కాలనీ సంఘంలో చూపించండి. శాలువా కప్పుతారు. అక్కడే ఎవరో ఒకరు లేచి, "మీ నాయకత్వంలో సారండా వెళదాం" అంటారు. ఏడు వందల కొండల అడవి, కిరీబురు దాకా ఎక్కుడే ఎక్కుడు. వెంటనే ఒప్పుకోండి. నాయకుడికి ఒక గొప్ప సౌకర్యం ఉంది, ఆయన వెనక ఉండి అందర్నీ కనిపెట్టుకోవాలి. చాయిబాసాలో టీ తాగుతూ కూడా కనిపెట్టుకోవచ్చు. ఈలోగా ఇంట్లో ఆవిడ "అదేదో సైకిలన్నారు, బట్టలు ఆరేయడానికి బాగుంది" అంటుంది. ఆరేయనివ్వండి. ఊచలకు తుప్పు పట్టడం మీ వంక కాదు, వాతావరణం వంక.

15. సైకిలు అమ్మడం

చివరి దశ ఇదే, ఇందులోనే లాభం. ప్రకటనలో నిజమే రాయండి, నిజానికి ధర ఎక్కువ: "కొత్తదానితో సమానం. ఒక్కసారి కూడా ఎత్తు ఎక్కలేదు. గేర్లు మార్చి ఎరగం. టైర్ల గుబ్బలు అరగలేదు." శాలువా కప్పిన పెద్దమనిషే ఈ ప్రకటన చదివితే ఇబ్బందే గానీ, పెద్దమనుషులు సెకండ్‌హ్యాండ్ సామాను చూడరు. ఒకవేళ చూసినా, శాలువా వెనక్కి అడగడం సంఘం నియమావళిలో లేదు.

కొనడానికి బాగ్‌బేడా నుంచో పర్సూడీ నుంచో ఒక కుర్రాడు వస్తాడు. అన్నింటికన్నా ముందు సీటు పైకెత్తుతాడు. టైర్లకు గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఐదొందలు తగ్గించమంటాడు, తగ్గించకండి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా దల్మా పైన గుడి ముందు నిలబడి మీకు ఫొటో పంపుతాడు, కింద "థ్యాంక్యూ అంకుల్, బండి సూపర్" అని రాసి. నంబరు బ్లాక్ చేయండి.